నవ్విన నాపచేను

సూటూ బూటూ వేసుకున్న ఒక ప్రిన్సిపాలుగారు బడి ఆవరణలో జింకతో కుస్తీ పడుతున్నాడు. ఆ జింక ఎక్కణ్ణించి వచ్చిందో, ఆయనకూ దానికీ పాత కక్షలేమైనా ఉన్నాయో మనకు చెప్పరు. కాసేపు పెనుగులాట అయ్యాక ఆయన దాన్ని వెనకనుంచి నడుం దగ్గర వాటేసుకుని, అమాంతం పైకెత్తి, తను వెనక్కి విల్లులా వంగి, దాని తలను నేలకు మోపుతాడు. అంతే. తరవాత కథ మరోచోటికి వెళ్ళిపోతుంది.

నా మనవరాలు సోఫాలోంచి కిందికి జారిపోయి, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతోంది. నేను చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ చూస్తున్నాను.

"ఎందుకే అంత నవ్వు? అసలు ఆ పెద్దమనిషి జింకతో ఎందుకు దెబ్బలాడుతున్నాడు?" అన్నాను.

"ఎందుకూ అని అడక్కూడదు అమ్మమ్మా. అడిగితే పోతుంది" అంది.

ఏం పోతుందో నాకు బోధపడలేదు. పదహారణాల చిక్కుడుకాయలు పాడు చేసుకుంటూ ఇంత అర్థంలేని బొమ్మలాట చూశానే అని విసుక్కుని లేచిపోయాను.

మర్నాడు పొద్దున్నే మా వీధిలో తోపుడుబండి దగ్గర దొండకాయలు ఏరుతుంటే, మా అపార్ట్‌మెంటు సెక్రటరీగారు తమ కుక్కతో ఎదురొచ్చారు. ఆయన ఇటు రమ్మంటారు, అది అటు పోతానంటుంది. గొలుసు నడిమధ్య ఇద్దరూ కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డారు. ఆయన మొహంలో ఎంత గాంభీర్యమో చెప్పలేను. నాకు జింక గుర్తొచ్చింది. ఇక చూడండి, బుట్ట కింద పెట్టి, బండి పట్టుకుని, నడివీధిలో ఒక్కదాన్నీ నవ్వడం మొదలుపెట్టాను. బండి కుర్రాడు నేను తూకంలో ఏదో పట్టేశాననుకున్నాడు కాబోలు, మాట్లాడకుండా గుప్పెడు దొండకాయలు ఎక్కువ వేశాడు.

ఇంటికొచ్చి మనవరాలికి చెబితే, "ఇప్పుడు ఎందుకూ అని నిన్ను నేనడగనా?" అంది.

ఆ బొమ్మలాట పేరు 'నిచిజో'. జపాను భాషలో ఆ మాటకు 'నిత్యజీవితం' అని అర్థమట. టీవీ ధారావాహికగా 2011లో వచ్చింది. మా పిల్ల లెక్కలో అది పాతది. వాళ్ళ కాలేజీలో దీనిమీద పెద్ద వాదం నడుస్తోందట. ఇలాంటి తలాతోకా లేని హాస్యం ఇన్నేళ్ళ తరవాత కూడా నిలుస్తుందా, లేక అప్పుడేదో కొత్తగా ఉండి నవ్వామా అని. 2011 నాటిదే పాతచింతకాయ పచ్చడైతే, మరి 1957 నాటి మా 'మాయాబజార్' ఏమవ్వాలి? ఆ మాటే అన్నాను. మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. ఆ దీపావళి సెలవులు పదిరోజులూ రాత్రి భోజనాలయ్యాక వాళ్ళదొకటి, మనదొకటి చూడాలి. నవ్వు రాకపోతే రాలేదని ఒప్పుకోవాలి. మర్యాదకు నవ్వకూడదు.

మేం ఉండేది శ్రీనగర్ కాలనీలో. ఇక్కడ కూరలబండి దగ్గర కూడా సినిమా కబుర్లే. ఒక ఫ్లాటులో నిర్మాతగారి ఆఫీసు, ఇంకో ఫ్లాటులో ఎడిటింగు గది. పైకెళ్తే జూబ్లీహిల్సూ ఫిల్మ్‌నగరూ, ఇటు దిగితే కృష్ణానగర్, అక్కడ ఫొటోలు పట్టుకుని వేషాలకోసం కాచుకున్న కుర్రాళ్ళు. నవ్వు కూడా ఇక్కడ ఒక సరుకే. దాన్ని తయారుచేసి, తూచి, ఊళ్ళకు పంపిస్తారు. మా కింది వాటాలో ఒకమ్మాయి డబ్బింగ్ చెబుతుంది. జపాను బొమ్మల సినిమాలు ఇప్పుడు తెలుగు మాటలతో కూడా వస్తున్నాయి. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' అనే సినిమా అలాగే మన హాళ్ళలోకి వచ్చింది. ఆ అమ్మాయిని ఒకసారి అడిగాను, అన్నిటికంటే ఏది కష్టమని. "ఏడుపు ఏ భాషలోనైనా ఏడుపే ఆంటీ. నవ్వు దగ్గరే చచ్చిపోతాం" అంది.

ఆ కష్టం ఎలాంటిదో 'షిన్‌చాన్' చూస్తే తెలుస్తుంది. అయిదేళ్ళ పిల్లాడు, గడుగ్గాయి. జపాను వాళ్ళు బయటినుంచి ఇంట్లోకి వస్తూ 'వచ్చాను' అన్న అర్థంలో ఒక మాట అంటారు, లోపలివాళ్ళు 'వచ్చావా, రా' అన్నట్టు ఇంకో మాట అంటారు. వీడు గుమ్మంలో అడుగుపెడుతూ తనే ఆ రెండో మాట అంటాడు. వాళ్ళమ్మ ప్రతిసారీ దిద్దుతుంది, వీడు ప్రతిసారీ అలాగే అంటాడు. మనింట్లో ఒక కుర్రాడు బడినుంచి లోపలికి వస్తూ చెప్పులు విప్పి, "మరి వెళ్ళొస్తానమ్మా" అన్నాడనుకోండి, అదీ వరస. ఇది రాసి బొమ్మలు వేసిన యోషితో ఉసుయి 1990లో మొదలుపెట్టి, 2009లో కొండమీంచి పడి చనిపోయాడు. పిల్లాడికి మాత్రం ఇంకా అయిదేళ్ళే. ఇంకా గుమ్మంలో తప్పు మాటే అంటున్నాడు.

మొదటి రాత్రి నా వంతుకు 'మాయాబజార్' పెట్టాను. ఘటోత్కచుడి వేషంలో ఎస్వీ రంగారావుగారు పెళ్ళివారి వంటకాల ముందు కూచోవడం, లడ్లు వాటంతటవే గాల్లోకి లేచి ఆయన నోట్లోకి వెళ్ళడం. మనవరాలు రెప్పవెయ్యకుండా చూసి, "అమ్మమ్మా, ఇది యానిమేనే!" అంది. యానిమే అంటే ఆ జపాను బొమ్మలాటలకు పేరు. నిజమే మరి. కె.వి. రెడ్డిగారి దర్శకత్వంలో మార్కస్ బార్ట్లీ కెమెరా పట్టుకుని మనుషులచేత బొమ్మలాట ఆడించాడు. అతిథుల్ని చుట్టబెట్టే కంబళీ, పడదోసే మంచమూ ఉన్నాయి. వాటికి గింబళి, గిల్పం అని పేర్లు కూడా పెట్టారు పింగళి నాగేంద్రరావుగారు. ఆ మాటలకు నిఘంటువులో అర్థం లేదు. అయినా అర్థంకాని తెలుగువాళ్ళున్నారా? 2010లో ఆ సినిమాకు రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. నన్నడిగితే ఆ లడ్లకు రంగు అక్కర్లేదు.

ఆ రాత్రి పందెం నాదే. కాని నాకొక అనుమానం పట్టుకుంది. లడ్డు ఎగరడం ఎప్పటికీ వింతే. అది ఏ కాలానికీ చెందదు గనక ఏ కాలంలోనూ పాతబడదు. మరి మనుషుల మీద హాస్యమో?

మా తరానికి అలాంటి హాస్యం అనగానే జంధ్యాలగారే. ఆయన సినిమాల్లో పిచ్చివాళ్ళెవరూ ఉండరు. అందరూ మనవాళ్ళే, ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి ఉంటుంది. అంతకుమించి ఆయన చేసిన తమాషా ఏమిటంటే ఆ పిచ్చి పక్కన ఒక బాధితుణ్ణి కూచోబెట్టడం. 1982లో వచ్చిన 'నాలుగుస్తంభాలాట'లో ఒకరు సుత్తి కొట్టడం, ఇంకొకరు భరించడం. దాంతో వీరభద్రరావుగారికీ వేలుగారికీ 'సుత్తి' ఇంటిపేరయి కూచుంది. జపానులో కూడా ఇదే ఏర్పాటు ఉందని మనవరాలు చెప్పింది. మాన్‌జాయ్ అని ఇద్దరు నుంచుని చెప్పే హాస్యం; అందులో ఒకడు అడ్డగోలుగా మాట్లాడేవాడు, రెండోవాడు 'అదేం మాటరా' అని తలమీద మొట్టేవాడు. వాళ్ళ బొమ్మలాటలన్నిటికీ ఆ జంటే పునాదిట. ఆ రెండోవాడు లేకపోతే మొదటివాడి మాటలకు నవ్వు రాదు, భయమేస్తుంది. సంసారాల్లో ఈ రెండో పాత్ర ఎవరిదో మీకు నేను చెప్పాలా?

తరవాత 'అహ నా పెళ్ళంట' చూశాం. 1987 నాటిది. పిసినారి లక్ష్మీపతి వేషం వేసిన కోట శ్రీనివాసరావుగారు 2025 జూలైలో మాకు దగ్గర్లోనే, ఫిల్మ్‌నగర్‌లోని తమ ఇంట్లో కన్నుమూశారు. కోడిని ఎదురుగా వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే సన్నివేశం తెలియనివాళ్ళు మనలో ఉండరు. ఆ రోజుల్లో మేం అంతగా ఎందుకు నవ్వామంటే, ఆ మనిషి మాకు తెలుసు. మా నాన్నగారు అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా చీల్చి రెండు చేసేవారు. పెళ్ళి శుభలేఖల వెనకవైపు పద్దులు రాసేవారు. కోట ఇంకొక్క మెట్టు పైకెక్కాడు, అంతే. మా పిల్లకు ఆ మెట్లేవీ తెలియవు. అగ్గిపుల్ల చీల్చడం చూడలేదు. అందుకని అది అసలు మొదలే లేని వింతగా కనిపించి, నాకంటే ఎక్కువ నవ్వింది. చూశారా చిత్రం! మాకు అతిశయోక్తిగా ఉన్నది, కింద మెట్లు ఊడిపోయేసరికి గాల్లో వేలాడే లడ్డులా అయింది. ట్రంకు కాల్సు మీదా, రేషను క్యూల మీదా వేసిన జోకులకు మాత్రం ఆ అదృష్టం లేదు. వాటికి నేను నవ్వుతుంటే, ఏమిటమ్మమ్మా అంటుంది. చెప్పడం పూర్తయ్యేసరికి నాకూ నవ్వు పోతుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మూడో రాత్రినుంచి రిమోటుతో ముందుకు నొక్కడం మొదలైంది. ఒకప్పటి మన హాస్యంలో నత్తివాడొస్తే నవ్వు, చెవిటివాడొస్తే నవ్వు. ముసుగు తీసేసరికి పెళ్ళికూతురు నల్లగా ఉంటే హాలంతా ఘొల్లుమనేది. అందులో నేనూ ఉన్నాను. ఇప్పుడా ఘట్టం రాబోతోందని ముందే తెలిసి, నీళ్ళు తాగే నెపంతో లేస్తున్నాను. వాళ్ళ బొమ్మలాటలు మాత్రం తక్కువ తిన్నాయా? ఆడపిల్లల వెంటపడే ముసలి గురువుగారు ఒకడు, పరికిణీల వంక చూసే కుర్రాడు ఇంకొకడు. అవి వచ్చినప్పుడు మనవరాలు తనే గబగబా నొక్కేసేది. నా ఎదుట సిగ్గుపడి కాదు. "ఇది నిలవలేదు అమ్మమ్మా" అనేది, పందెంలో పాయింటు వదులుకుంటూ.

నాకు డిగ్రీలో తెలుగు చెప్పిన మేడమ్ భరతముని హాస్యరసం గురించి చెప్పింది ఈ వయసులో గుర్తొచ్చింది. వేషంలోనూ మాటలోనూ నడకలోనూ వికృతి ఉంటే హాస్యం పుడుతుందన్నాడాయన. నవ్వును స్మితం మొదలు అతిహసితం దాకా ఆరు మెట్లు కట్టి, మొదటి రెండూ ఉత్తములవి, చివరి రెండూ అధములవి అన్నాడు. ఆ లెక్కన సోఫాలోంచి జారిన మా పిల్లా, దొండకాయల బండి పట్టుకున్న నేనూ ఏ మెట్టుమీద ఉన్నామో మీరే చెప్పుకోండి. పైగా ఈ రసం ఎక్కువగా కనిపించేది స్త్రీలలోనూ నీచప్రకృతులలోనూ అని ఒక ముక్క విసిరేశాడు. ఋషులతో వాదం పెట్టుకోకూడదు గాని, ఆ ముక్కలో సగం నిజమే. అత్తగారి కథలు రాసిన భానుమతిగారిని మరిచిపోగలమా? 1984లో జంధ్యాలగారు తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ' పొత్తూరి విజయలక్ష్మిగారి నవలే కదా. జపానులో మచికో హసెగావా అనే ఆవిడ 1946లో 'సజాయె-సాన్' అనే ఇల్లాలి బొమ్మకథ మొదలుపెట్టింది. చేప ఎత్తుకుపోతున్న పిల్లి వెంట చెప్పుల్లేకుండా వీధిలో పరుగెత్తే ఇల్లాలావిడ. మొగుడు ఇల్లరికంలాగా ఆవిడ పుట్టింట్లోనే కాపురం. 1969నుంచి అది టీవీలో ఆదివారం ఆదివారం వస్తోంది. మనకు కాంతం ఎలాగో వాళ్ళకు ఆవిడ అలాగ. రూమికో తకహాషి అనే ఇంకొకావిడ 1978లో మొదలుపెట్టిన 'ఉరుసెయ్ యత్సురా'లో పరస్త్రీల వెంటపడే కుర్రాడికి ఆకాశంనుంచి దిగిన పిల్ల కరెంటు షాకులు కొడుతుంది. దాన్ని 2022లో మళ్ళీ కొత్తగా బొమ్మలాటగా తీశారు. షాకులకు ఇంకా గిరాకీ తగ్గలేదన్నమాట.

మనవరాలి పుస్తకాల్లో బెర్గ్‌సన్ అనే ఫ్రెంచి తత్వవేత్త 1900లో నవ్వుమీద రాసిన పుస్తకం ఉంది. ఆయన చెప్పినవాటిలో రెండు మాటలు నాకు పట్టుకున్నాయి. ప్రాణమున్న మనిషి మరబొమ్మలా ప్రవర్తిస్తే మనకు నవ్వొస్తుందట. నవ్వే ఆ కాసేపూ మన గుండెకు మత్తుమందు ఇచ్చినట్టు ఉంటుందట, జాలిపడుతూ నవ్వలేమట. మొదటి మాటకు కోట లక్ష్మీపతే సాక్ష్యం. రెండో మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసేశాను. దానికొక కారణం ఉంది. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చానేమో.

ఆరో రాత్రి 'చంటబ్బాయ్' పెట్టుకున్నాం. 1986 నాటిది. మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి నవల, చిరంజీవి డిటెక్టివు. కాని ఆ సినిమా అనగానే ఆడవాళ్ళకు గుర్తొచ్చేది శ్రీలక్ష్మి. పత్రికాఫీసుకు వచ్చి, తన కవితలు సంపాదకుడికి వదలకుండా వినిపించే ఆవిడ. ఇలాంటి పేజీలు చదివే మనకూ, వీటికి రాసి పంపి తిరుగుటపాలో అందుకున్న మనకూ ఆ జోకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా నవ్వాం. నేను హాల్లో పొట్ట పట్టుకుని నవ్వాను.

నా పక్క సీట్లో మా పెద్దొదిన ఉంది.

పెద్దొదిన మావారికి అక్కగారు. ఇరవైనాలుగో ఏట భర్త పోయి పుట్టింటికొచ్చింది. అత్తగారు పోయాక మాతోనే ఉంది. మేం అప్పుడు ఇక్కడే ఒక పెంకుటింటి వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఆవిడ చాకలి పద్దు పుస్తకంలో కవిత్వం రాసేది. ఎడమ పేజీలో పంచెలు రెండు, దుప్పట్లు నాలుగు. కుడి పేజీలో కవిత్వం. ఏం కవిత్వమనుకున్నారు? మూడో కూతకు ముందే ఆగిపోయిన కుక్కరు ఆవేదన. కట్టలోంచి తప్పిపోయిన చీపురుపుల్ల తన వాళ్ళకు రాసిన ఉత్తరం. ఇడ్లీరేకులో ఎప్పుడూ కింది అంతస్తులోనే ఉండవలసివచ్చిన ఇడ్లీ, పై ఇడ్లీల గురించి పడే అసూయ. మధ్యాహ్నాలు నేను జంతికలు వత్తుతుంటే ఎదురుగా కూచుని, మొహంలో చిరునవ్వైనా లేకుండా చదివేది. నేను నవ్వేదాన్ని. అది కవిత్వానికి నవ్వానో, ఆవిడకు నవ్వానో అప్పుడు ఆలోచించలేదు. వారపత్రికలకు పంపేది, స్టాంపు అంటించిన కవరు జతచేసి. ఆ కవర్లు క్షేమంగా తిరిగొచ్చేవి.

సినిమా చూసొచ్చిన మర్నాడు మా మరిది ఆవిడ గదిలోంచి వస్తుంటే, "కవయిత్రిగారు వస్తున్నారు, తలుపులేసుకోండి!" అన్నాడు. ఇంటిల్లిపాదీ ఘొల్లున నవ్వాం. అందరికంటే ముందు ఆవిడే నవ్వింది. అది నాకు బాగా గుర్తు. ఇక ఆ మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది. ఆవిడ పుస్తకం తీస్తే పిల్లలు చెవులు మూసుకునేవాళ్ళు. చుట్టాలొస్తే చెప్పి నవ్వించేవాళ్ళం. ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు గాని, కొన్నాళ్ళకు మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా ఉండేవి. నిజం చెబుతున్నాను, నాకప్పుడు బాధ వెయ్యలేదు. జంతికల పని త్వరగా తెమిలేది.

ఇదంతా నేను మనవరాలికి చెప్పలేదు. తను సినిమా చూస్తోంది. శ్రీలక్ష్మి వచ్చిన ఘట్టాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. "అమ్మమ్మా, ఈవిడ మొహం చూడు! ఒక్కసారన్నా సిగ్గుపడుతుందేమో చూడు. ఎదటివాడు చచ్చిపోతున్నాడు, ఈవిడ మాత్రం చదువుతూనే ఉంది. ప్రిన్సిపాలూ జింకా గుర్తొస్తున్నారు" అంది. నవ్వి నవ్వి దిండు విసిరేసింది. పాయింటు నాకిచ్చేసింది.

నేనూ చూశాను. నిజమే. మేం అన్నాళ్ళూ ఆ ఘట్టాన్ని తప్పుగా గుర్తుపెట్టుకున్నాం. అందులో ఓడిపోయింది ఆవిడ కాదు, పత్రికాఫీసు. శ్రీలక్ష్మి ఎక్కడా ప్రేక్షకుడి వంక చూసి, నేను పిచ్చిదాన్ని కదూ అని కన్ను గీటదు. తన కవిత్వం గొప్పదని ఆవిడకు పూర్తి నమ్మకం. ఆ నమ్మకం మీదే హాస్యమంతా నిలబడి ఉంది. అందుకే ఇన్నేళ్ళైనా కూలలేదు. మా ఇంట్లో చేసిన హాస్యంలో మాత్రం ఆవిడకు మాట లేదు. మాటలన్నీ మావి. అదే నవ్వు, అదే కవయిత్రి. హాల్లో ఆవిడ చదువుతుంటే మనం నవ్వాం, ఇంట్లో ఆవిడ చదవకుండా నవ్వాం. మత్తుమందు ఎవరికిచ్చారో అప్పుడు తెలిసింది.

సినిమాను తప్పుపట్టను. కత్తిపీట కూర తరుక్కోవడానికి ఇచ్చారు. కాని ఒక సందేహం మాత్రం తీరడం లేదు. నవ్విన ఇన్నేళ్ళకు, ఆ నవ్వు తప్పని తెలిస్తే, అప్పుడు కలిగిన సంతోషం అబద్ధమైపోతుందా? ఆ రోజు హాల్లో పెద్దొదినా నేనూ ఒకరి భుజంమీద ఒకరం పడి నవ్వాం. ఇంటర్వెల్లో ఒకే పొట్లంలో వేరుశనక్కాయలు తిన్నాం. అది నా జీవితంలో మంచి సాయంత్రాల్లో ఒకటి. దాన్ని చెరిపెయ్యమంటే చెయ్యి రాదు. అమీర్‌పేటలో సత్యం థియేటరు పోయి ఆ స్థలంలో 2023లో మల్టీప్లెక్స్ వచ్చింది. మేం నవ్విన హాళ్ళు చాలావరకు అలాగే పోయాయి. నవ్వు ఎక్కడికి పోయిందో గాని, ఇద్దరు మనుషుల మధ్య అది ఎక్కడ తెగిందో ఆ చోటు మాత్రం ఉంది.

చివరి రాత్రి మళ్ళీ 'నిచిజో'. అందులో నానో అని ఒక పిల్ల ఉంది. ఎనిమిదేళ్ళ ప్రొఫెసరు ఒకతె ఆ పిల్లను తయారుచేసింది. నానో మరమనిషి. వీపుమీద తాళంచెవిలాగా పెద్ద మర ఒకటి ఉంటుంది, పూర్వం ఆడుకునే బొమ్మలకు ఉండేదే. వంటా వార్పూ అన్నీ ఆ పిల్లే. తనూ మామూలు ఆడపిల్లలాగా ఉండాలని, బడికి వెళ్తే నలుగురూ వీపు వంక చూస్తారని, ఆ మర తీసెయ్యమని అడుగుతూనే ఉంటుంది. ప్రొఫెసరు ముద్దుగా ఉందని తియ్యదు. మనవరాలు నవ్వుతోంది. మనిషి మరబొమ్మ అయితే నవ్వొస్తుందని బెర్గ్‌సన్ అన్నాడు. మరబొమ్మ మనిషి కావాలని సిగ్గుపడితే ఏమొస్తుందో ఆయన చెప్పలేదు. నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. జాలిపడుతూ నవ్వడం కుదరదన్న మాట తప్పని ఆ బొమ్మలాట చేసినవాళ్ళకు తెలుసు. ఇది నిలుస్తుందని మనవరాలితో చెప్పాను. ఎందుకూ అని తను అడగలేదు.

పెద్దొదిన ఇప్పుడు తణుకులో చిన్నమరిది కొడుకు దగ్గర ఉంటోంది. ఎనభై దాటాయి. చూపు మందగించింది గాని చెవులు బాగున్నాయి. మర్నాడు మధ్యాహ్నం, ఆ పాత జంతికల వేళకే, ఫోను చేశాను. కుశలప్రశ్నలయ్యాయి. మోకాళ్ళ గురించి ఆవిడా, షుగరు గురించి నేనూ చెప్పుకున్నాం. తరవాత ఎలాగో గొంతు పెగుల్చుకుని అడిగాను.

"వదినా, నువ్వు కవిత్వం రాయడం ఎందుకు మానేశావు?"

అవతల కాసేపు మాట లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కవిత్వమా?" అంది. "ఏమోనే, గుర్తులేదు. చాకలి పద్దు పుస్తకం అయిపోయి ఉంటుంది."

నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చో కాదో తెలియక ఆపుకున్నాను. ఆవిడ ఆ మాట ఏ మొహంతో అందో ఫోనులో కనబడదు కదా. ఇంతలో ఆవిడే అంది.

"అవునుగాని, ఆ పై ఇడ్లీల సంగతి చివరికి ఏమైందో నీకేమన్నా గుర్తుందీ?"